స్కూలు స్వర్ణోత్సవం: స్టేజీ మీద ఎవరుండాలి?

నల్లబల్ల
నేను చదివిన ప్రైవేటు స్కూలుకి ఈ ఏడాదితో యాభై ఏళ్లు నిండుతున్నాయి. పూర్వ విద్యార్థుల గ్రూపులో నిన్న కార్యక్రమాల పట్టిక పెట్టారు. చదివితే ఒళ్లు మండింది. మొదటి రోజు ముఖ్య అతిథి, గౌరవ అతిథులు, విశిష్ట అతిథులు, ఆత్మీయ అతిథులు. వీళ్ల ప్రసంగాలకే మధ్యాహ్నం దాటుతుంది. రెండో రోజు టాపర్లకీ, విదేశాల్లో పెద్ద ఉద్యోగాల్లో ఉన్నవాళ్లకీ సన్మానం. సాయంత్రం లేజర్ షో. పాత టీచర్ల సంగతేంటంటే, "గురువందనం - 20 నిమిషాలు" అని ఒకే ఒక్క లైను. ఆయాలు, అటెండర్లు, వాచ్‌మన్, బస్సు డ్రైవర్ల మాట ఎక్కడా లేదు. మొదటి పదేళ్లలో పనిచేసిన టీచర్లలో చాలామంది ఇప్పుడు ఎనభైకి దగ్గర్లో ఉన్నారు. ఇంకో జూబ్లీ దాకా వాళ్లు ఆగుతారా? ఇలాంటి ఉత్సవాలు మీ స్కూళ్లలో ఎలా చేశారు? కమిటీతో ఎలా మాట్లాడాలి? గొడవ పెట్టుకోవాలని లేదు. ఊరుకోవాలనీ లేదు.

చివరిబెంచీ
మా స్కూలు రజతోత్సవం కూడా అచ్చం ఇంతే. ముఖ్య అతిథి బాగా ఆలస్యంగా వచ్చాడు. జ్యోతి వెలిగించి, మాట్లాడి, మా సోషల్ మేడమ్ పేరు పిలవకముందే కారెక్కేశాడు. ఆయన వెనకే సగం కుర్చీలు ఖాళీ. మేడమ్ స్టేజీ ఎక్కేసరికి ఫోటోగ్రాఫర్ కూడా లేడు.

ఐదోపీరియడ్
నల్లబల్ల గారూ, మీ బాధ న్యాయమే కానీ కమిటీ వైపు నుంచి కూడా చూడండి. మా స్కూలు ఉత్సవానికి నేను కమిటీలో ఉన్నాను. గ్రౌండుకి అనుమతి, పోలీసు బందోబస్తు, పార్కింగు, సౌండు, సావనీర్‌కి (ఉత్సవ ప్రత్యేక సంచికకి) ప్రకటనలు, అన్నీ మనమే తిరిగి తెచ్చుకోవాలి. "ఫలానా పెద్దాయన వస్తున్నారు" అంటేనే స్పాన్సర్లు ఫోనెత్తుతారు. అతిథి లేకుండా చేద్దామని మేమూ మొదట గట్టిగానే అనుకున్నాం. ప్రకటనలు రాకపోయేసరికి దిగొచ్చాం. ఉద్యోగాలు చేసుకుంటూ రాత్రిళ్లు కూర్చుని పనిచేసేవాళ్లని బయటినుంచి తిట్టడం సులువండీ.

వానచినుకు
మా పాప ఇప్పుడు చదువుతున్న స్కూల్లో ఇదే పండుగ నడుస్తోంది. అందుకే ఒక తల్లిగా అడుగుతున్నా. నెల రోజులుగా మధ్యాహ్నం క్లాసులు లేవు, అన్నీ రిహార్సల్సే. ఎండలో వరసలు కట్టించి అతిథికి స్వాగతం ఎలా చెప్పాలో నేర్పిస్తున్నారు. దానికి తోడు "ఉత్సవ నిధి" అని డైరీలో చీటీ. ఇలా వసూలు చేయొచ్చా? అడిగితే పిల్లని చిన్నచూపు చూస్తారేమోనని టెన్షన్.

చివరిబెంచీ
@ఐదోపీరియడ్ పనిచేసేవాళ్లని ఎవరూ తిట్టట్లేదు బాబూ. ముఖ్య అతిథి ఇంత అవసరమైతే హైస్కూల్ లెక్కల మాస్టారినే ముఖ్య అతిథిని చెయ్యండి. ఆయన పేరు చెప్తే మా బ్యాచ్‌లో సగంమంది ఇప్పటికీ లేచి నిలబడతారు. మిగతా సగం పారిపోతారనుకోండి, అది వేరే సంగతి.

ఆడిటరుబాబు
@వానచినుకు విద్యాహక్కు చట్టం, 2009 ప్రకారం స్కూలు ముందుగా ప్రకటించిన ఫీజు కాకుండా తీసుకునే ఏ విరాళమైనా, చందా అయినా క్యాపిటేషన్ ఫీజు అనే నిర్వచనంలోకే వస్తుంది. అడ్మిషన్ ఇచ్చేటప్పుడు దాన్ని వసూలు చేయడం సెక్షన్ 13 కింద నేరం. ఏడాది మధ్యలో వసూళ్ల సంగతి మీ రాష్ట్ర ఫీజు నిబంధనల్లో చూసుకోవాలి. ఏదైనా సరే, "ఇది స్వచ్ఛందమా, తప్పనిసరా? రసీదు ఏ పేరు మీద ఇస్తారు?" అని రాతపూర్వకంగా అడగండి. నలుగురు తల్లిదండ్రులు కలిసి సంతకం పెడితే ఒక్క పిల్ల మీద దృష్టి పడదు. చాలా స్కూళ్లు ఆ ఉత్తరం చూడగానే చీటీలో "ఇష్టమైతేనే" అని చేరుస్తాయి.

వానచినుకు
థాంక్స్ అండి. క్లాస్ గ్రూపులో ఇద్దరు అప్పుడే సరేనన్నారు.

లెక్కలసారు
ప్రైవేటు స్కూళ్లలోనే నా సర్వీసంతా గడిచింది. రిటైరై చాలా ఏళ్లయింది. నన్ను రెండు మూడు చోట్ల ఇలాంటి సభలకి పిలిచారు కాబట్టి పిలిపించుకునేవాళ్ల వైపు నుంచి చెప్తాను.

మమ్మల్ని వరసగా కుర్చీల్లో కూర్చోబెడతారు. ఒక్కొక్కరి మెడలో దండ, భుజాన శాలువా, చేతిలో జ్ఞాపిక. యాంకరు పేరు తప్పు చదువుతుంది. మైకు ఇవ్వరు, టైము లేదంటారు. పిల్లలు వచ్చి కాళ్లకి దండం పెట్టి సెల్ఫీ తీసుకుని వెళ్లిపోతారు. అందులో ఎవరు ఎవరో మాకు గుర్తుపట్టే వీలుండదు. బట్టతలలు, కళ్లజోళ్లు వచ్చాక పదో తరగతి కుర్రాడిని ఎలా పోల్చుకుంటాం? "ఎవర్ని సార్ నేను, చెప్పుకోండి చూద్దాం" అని నిలదీస్తారు. దయచేసి అలా చేయకండి. ఈ వయసులో పేరు తట్టకపోతే మనసు చాలా నొచ్చుకుంటుంది. పేరు, బ్యాచ్, వీలైతే అప్పటి చిన్న ఫోటో ఉన్న బ్యాడ్జి అందరూ పెట్టుకుంటే చాలు.

ఇంకొక్క మాట. మమ్మల్ని స్టేజీ మీద కాకుండా పాత క్లాసు గదిలో కూర్చోబెట్టండి. ఒక్కో బ్యాచ్ వచ్చి గంటసేపు బెంచీల్లో కూర్చోనివ్వండి. ఒకచోట అలా చేశారు. అటెండెన్సు పిలిచాను. చనిపోయిన పిల్లాడి నంబరు వచ్చినప్పుడు క్లాసంతా కలిసి "ప్రెజెంట్ సార్" అన్నారు. నాకు మిగిలిన సన్మానాలేవీ గుర్తులేవు.

ఐదోపీరియడ్
సార్, ఇది మా కమిటీకి ఇప్పుడే పంపిస్తున్నా. దీనికి ఖర్చు కూడా లేదు.

తూనీగ
నల్లబల్ల గారు ఆయాల మాట ఎత్తారు కాబట్టి రాస్తున్నాను. మా అమ్మ ఒక ప్రైవేటు స్కూల్లో ఆయా. ఎల్‌కేజీ గదులు ఆమెవి. నేనూ అక్కడే చదివాను. నాకు సగం ఫీజు తగ్గించారు, ఆ సాయం మర్చిపోను. చలికాలం పొద్దున్నే పిల్లలు వచ్చేసరికి గదులు ఊడ్చి, నేలమీద పరిచిన పట్టాలు దులిపి పెట్టేది. తడిపేసుకున్న పిల్లల నిక్కర్లు ఉతికి, కిటికీ ఊచలకి ఆరేసి, సాయంత్రం పొడిగా తొడిగి ఇళ్లకి పంపేది. వాళ్ల అమ్మానాన్నలకి ఈ సంగతి తెలియనిచ్చేది కాదు, పిల్లలకి నామోషీ అని. ఆ పిల్లల్లో డాక్టర్లున్నారు, కలెక్టరాఫీసులో ఉన్నవాళ్లున్నారు.

స్కూలు ఉత్సవం అయింది. అమ్మకి పిలుపు రాలేదు. నేనే వెళ్లి అడిగితే "నాన్-టీచింగ్ స్టాఫ్ లిస్టు మా దగ్గర లేదండీ, ఎవర్నో ఒకర్ని పిలిస్తే మిగతావాళ్లు బాధపడతారు" అన్నారు. లిస్టు ఎందుకుండదు? జీతాల అక్విటెన్సు రిజిస్టరు ఉంటుంది కదా. ప్రతి నెలా ప్రతి మనిషీ అందులో రెవెన్యూ స్టాంపు మీద సంతకం పెట్టి జీతం తీసుకుంటారు. ఆఫీసు క్లర్కు గారు మంచి మనిషి, నాకోసం బీరువా తెరిచి వెతికారు. దొరికింది. మా అమ్మ పేరు పక్కన మొదట్లో అన్నీ వేలిముద్రలే. కొన్నేళ్ల తర్వాత ఒక నెల నుంచి వంకరటింకర అక్షరాల్లో సంతకం మొదలవుతుంది. ఎల్‌కేజీ పిల్లలతోపాటు కూర్చుని మా అమ్మ కూడా అక్షరాలు దిద్దుకుంది. ఆ సంగతి నాకు అప్పటిదాకా తెలియదు.

కాబట్టి "లిస్టు లేదు" అని ఎవరన్నా ఒప్పుకోకండి. ఆ రిజిస్టరు తీయించండి.

గోరింటాకు
తూనీగ, మీ అమ్మగారికి నా నమస్కారం చెప్పండి. ఆ రిజిస్టరు పేజీ ఫోటో సావనీర్ మొదటి పేజీలో వెయ్యాల్సింది.

నల్లబల్ల
ఏం రాయాలో తెలియట్లేదు తూనీగ గారూ. అక్విటెన్సు రిజిస్టరు అనే ఆలోచన నాకు తట్టనేలేదు. రేపే అడుగుతా.

ఐదోపీరియడ్
ఒక్క జాగ్రత్త. ఆ రిజిస్టర్లో జీతం అంకెలు ఉంటాయి. టీచర్లకి ఎంత తక్కువ ఇచ్చారో బయటపడుతుందని మేనేజ్‌మెంట్ ఇవ్వకపోవచ్చు. పేర్లూ, పనిచేసిన సంవత్సరాలూ మాత్రం రాసుకుంటామని అడగండి, ఒప్పుకునే అవకాశం ఎక్కువ.

పాతఫోటో
నేను పాత ఫోటోలూ కాగితాలూ డిజిటల్ చేసే పనిలో ఉన్నాను. ఉత్సవం పేరుతో స్కూళ్లు చేసే నష్టం చూస్తే కడుపు తరుక్కుపోతుంది. రంగులు వేయిస్తూ గోడలకున్న గ్రూప్ ఫోటోలన్నీ దించి స్టోర్‌రూములో ఒకదాని మీద ఒకటి పడేస్తారు. వానాకాలం వస్తే అంతే. ఇంకో సంగతి, అద్దానికి అతుక్కుపోయిన ఫోటోని పీకకండి. పీకితే మొహాలు అద్దానికే ఉండిపోతాయి. ఫ్రేముతో సహా వెలుతురు పక్కనుంచి పడేలా పెట్టి కెమెరాతో తీయండి. విడిగా ఉన్న ఫోటోలైతే 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేసి, అసలు కాపీ నాణ్యత తగ్గని టిఫ్ ఫైలుగా ఉంచుకోండి. వాట్సాప్‌లో తిప్పుకోవడానికి వేరే చిన్న కాపీ చేసుకోవచ్చు. వీడియో క్యాసెట్లు ఉంటే అన్నింటికన్నా ముందు వాటిని పట్టించుకోండి. టేపుకి బూజు పడుతుంది, ఆడించే వీసీఆర్‌లు కూడా దొరకడం లేదు.

స్కానింగ్ కంటే కష్టమైంది పేర్లు రాయడం. గ్రూప్ ఫోటోని పెద్దగా ప్రింటు తీసి, ఒక్కో తల మీద నంబరు వెయ్యండి. కింద ఖాళీ వరసలు పెట్టి బ్యాచ్ గ్రూపులో తిప్పండి. టీచర్ల వరస మాత్రం పెద్ద టీచరు ఎవరైనా ఉంటే వాళ్ల ఇంటికి వెళ్లి, ప్రింటు చేతిలో పెట్టి అడగాలి. ఫోనులో చూపిస్తే వాళ్లకి కనపడదు. ఫోటో చేతికివ్వగానే పేర్లతోపాటు కథలూ వస్తాయి. అప్పుడు రికార్డింగ్ నొక్కండి, ముందే అనుమతి అడిగి. "పిల్లలకి మీ సందేశం ఇవ్వండి" అని మాత్రం అడగొద్దు, ఉపన్యాసం వస్తుంది. "స్కూలు తెరిచిన మొదటి రోజు గదిలో ఏమేం ఉన్నాయి?" అని అడగండి.

చివరిబెంచీ
వరసలో నంబర్లు వెయ్యడం బాగుంది. మా గ్రూప్ ఫోటోలో నేను కళ్లు మూసుకున్నాను, ఆ నంబరు ఖాళీగా వదిలెయ్యమంటాను.

లెక్కలసారు
పాతఫోటో గారు చెప్పినదానికి చిన్న చేర్పు. అటెండెన్సు రిజిస్టర్లు కొన్నేళ్లకి తీసేస్తారు కానీ అడ్మిషన్ రిజిస్టరు ఏ స్కూలూ పారేయకూడదు. టీసీలకీ, పుట్టిన తేదీ రుజువుకీ అదే ఆధారం. మొదటి రోజు చేరిన మొదటి పిల్లల పేర్లు, వాళ్ల నాన్నల వృత్తులు అందులో ఉంటాయి. ఆ స్కూలు ఎవరికోసం మొదలైందో ఆ ఒక్క కాలమ్ చూస్తే తెలుస్తుంది.

గోరింటాకు
అందరూ ఆప్యాయంగా రాస్తున్నారు. నేను కాస్త వేరే మాట చెప్తాను, కోపం తెచ్చుకోకండి. మా స్కూలు ఉత్సవానికి నేను వెళ్లలేదు, పిలిచినా వెళ్లను. డస్టరు అంచుతో వేళ్ల కణుపుల మీద కొట్టేవాళ్లు. ఫీజు కట్టనివాళ్లని ప్రార్థనలో ముందుకి పిలిచి నిలబెట్టేవాళ్లు. మా నాన్న అప్పు తెచ్చి కట్టేదాకా నేను అలా నిలబడ్డాను. ఇప్పుడు గ్రూపులో వాళ్లు ఆ దెబ్బల గురించి "అవే మనల్ని మనుషుల్ని చేశాయి" అని నవ్వుకుంటుంటే అందులోంచి బయటికి వచ్చేశాను. ఆనందంగా వెళ్లేవాళ్లు వెళ్లండి. రానివాళ్లని "పొగరు" అనకండి, అంతే.

చివరిబెంచీ
ఆ "మనుషుల్ని చేశాయి" అనే మాట నేనూ చాలాసార్లు విన్నాను. కొట్టకపోయినా మనుషులయ్యేవాళ్లమే.

లెక్కలసారు
గోరింటాకు అమ్మా, నువ్వు రాసింది నిజం. ఫీజు కోసం పిల్లని నిలబెట్టడం ఏ రోజుల్లోనైనా అన్యాయమే. దండన ఇప్పుడు చట్టరీత్యా కూడా నిషిద్ధం. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. అందులో సెక్షన్ 17 శారీరక దండననీ, మానసిక వేధింపునీ రెండింటినీ నిషేధించింది. ఉత్సవ సభలో ఒక స్కూలు పెద్ద లేచి "అప్పట్లో ఇలా జరిగింది, ఇకమీదట మా దగ్గర జరగదు" అని చెప్పగలిగితే దాన్ని మించిన గౌరవం పాత విద్యార్థులకి లేదు.

ఐదోపీరియడ్
సార్, ఏ కరస్పాండెంటూ మైకులో ఆ మాట అనడు. సావనీర్‌లో పాత విద్యార్థులే రాస్తే వేసుకోవచ్చు. దానికి ఎడిటరు ధైర్యం చెయ్యాలి.

సముద్రాలవతల
నేను విదేశంలో ఉంటున్నాను, ఇక్కడి పౌరసత్వం తీసుకున్నాను. మా స్కూలువాళ్లు లైబ్రరీకి విరాళం అడిగారు. ఒక స్నేహితుడు "నా పర్సనల్ అకౌంటుకి వెయ్యి, నేను స్కూలుకి ఇచ్చేస్తా" అంటున్నాడు. చెయ్యొచ్చా?

ఆడిటరుబాబు
వద్దు, వద్దు. మీది భారత పౌరసత్వం కాదు కాబట్టి మీ డబ్బు విదేశీ విరాళం కింద లెక్క. ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత మూలాలవాళ్లకి ఇచ్చేది) ఉన్నా అంతే. స్కూలు నడిపే సొసైటీకో ట్రస్టుకో విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్ఏ), 2010 కింద రిజిస్ట్రేషనో, ముందస్తు అనుమతో ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ఢిల్లీలో స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో దానికోసం తెరిచిన ఖాతాకే ముందు రావాలి. స్నేహితుడి ఖాతా మీదుగా తిప్పితే మీకూ, అతనికీ, స్కూలుకీ ముగ్గురికీ చిక్కే.

భారత పాస్‌పోర్టుతో విదేశంలో ఉండేవాళ్లు తమ సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. వాళ్లు నేరుగా ఇవ్వొచ్చు. ఇక్కడ ఉన్నవాళ్లకి: సంస్థకి 80జీ గుర్తింపు ఉంటేనే పన్ను మినహాయింపు. నగదుగా 2,000 రూపాయలు దాటి ఇస్తే ఆ మినహాయింపు రాదు, కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకి అసలే రాదు. పూర్వ విద్యార్థుల సంఘం పేరుతో ఎవరో ఒకరి యూపీఐ నంబరుకి డబ్బు పోగుచేయడం నాకు అస్సలు నచ్చదు. సంఘాన్ని రిజిస్టరు చేసి, ఇద్దరు సంతకం పెట్టే ఖాతా తెరవండి. ఉత్సవం అయిన నెలలోపు లెక్క గ్రూపులో పెట్టండి. స్నేహాలు చెడేది ఇక్కడే.

సముద్రాలవతల
బతికించారు. స్కూలుకి ఆ రిజిస్ట్రేషన్ ఉందో లేదో ముందు కనుక్కుంటా.

రెక్కలగుర్రం
మా కమిటీ టైమ్ క్యాప్సూల్ (చాలా ఏళ్ల తర్వాతివాళ్లు తెరిచి చూసేలా మూసిపెట్టే పెట్టె) పాతిపెడదాం అంటోంది. పెన్‌డ్రైవులో వీడియోలు, ఉత్తరాలు. బాగుంటుందా? పెద్ద పెద్ద సంస్థలు కూడా చేశాయి కదా, కాన్పూర్ ఐఐటీ తన స్వర్ణోత్సవానికి 2010లో పాతింది.

పాతఫోటో
పెన్‌డ్రైవు వద్దండీ. వాడకుండా పక్కన పెడితే కొన్నేళ్లకి అందులోది పోవచ్చు, ఉన్నా చదివే మిషను ఉండకపోవచ్చు. యాసిడ్ లేని కాగితం మీద రాసినవీ, ముద్రించినవీ పెట్టండి. అసలు భూమిలోనే ఎందుకు? అమెరికాలో టల్సా అనే ఊళ్లో 1957లో కొత్త ప్లిమత్ కారుని కాంక్రీటు గదిలో పెట్టి పాతారు. 2007లో తవ్వితే గది నిండా నీళ్లు, కారు మొత్తం తుప్పు. మీరు స్కూలు గోడలోనే ఒక అద్దాల బీరువా పెట్టి సీలు వెయ్యండి. మీద "ఫలానా సంవత్సరంలో తెరవాలి" అని రాస్తే సరిపోతుంది.

ఐదోపీరియడ్
పాతినదాన్ని పాతినట్టు ఉంచుతారని కూడా నమ్మకం లేదు. 1973లో ఇందిరాగాంధీ ఎర్రకోట దగ్గర కాలపాత్ర పాతిపెట్టించారు. ప్రభుత్వం మారాక 1977లో తవ్వి తీసేశారు. స్కూలు మేనేజ్‌మెంటు మారినా అదే కథ.

వానచినుకు
పాతిపెట్టడం కన్నా ఇప్పటి పిల్లలకి పని చెప్పండి. ఒక్కో పిల్ల ఒక్కో పాత విద్యార్థినో, ఆయానో కలిసి మాట్లాడి రెండు పేజీలు రాయాలి. మా పాప ఎండలో నిలబడి స్వాగతం నేర్చుకునే బదులు అది చేస్తే ఎంత బాగుండేది.

నల్లబల్ల
ఇది కూడా రాసుకున్నా, వానచినుకు గారూ.

కందిరీగ
అందరూ సన్మానాల గురించే రాస్తున్నారు, స్కూలు చరిత్ర ఎలా రాయాలో ఎవరూ అనట్లేదు. సావనీర్ తెరిస్తే "మహోన్నత ఆశయంతో ప్రారంభమై" అని మొదలుపెడతారు. అసలు సంగతి అందులో ఉండదు. హైదరాబాద్ పబ్లిక్ స్కూల్నే తీసుకోండి. 1923లో జాగీర్దార్ల పిల్లల కోసం పెట్టింది. 1949లో జాగీర్లు రద్దయ్యాక 1951 నుంచి ఇప్పటి పేరుతో మిగతా పిల్లలకీ తలుపు తెరిచింది. 2023లో వందేళ్ల ఉత్సవానికి రాష్ట్రపతి వచ్చారు. సత్య నాదెళ్ల అక్కడే చదివాడని అందరికీ తెలుసు, కానీ ఎవరి కోసం మొదలై ఎవరి దాకా వచ్చిందన్న కథ నాకు అంతకన్నా గొప్పగా కనిపిస్తుంది. ఇంగ్లండులో ఈటన్ కాలేజీని చూడండి. 1440లో ఆరో హెన్రీ రాజు 70 మంది పేద విద్యార్థులకి ఉచితంగా చదువు చెప్పించడానికి పెట్టింది. అది ఇప్పుడు ఎక్కువగా డబ్బున్నవాళ్ల పిల్లలు చదివే ఖరీదైన స్కూలు. ఒక స్కూలు పుట్టినరోజున అడగాల్సిన ప్రశ్న ఇదే: ఏ పిల్లల కోసం పెట్టారు, ఇప్పుడు గేటు దాటి లోపలికి రాగలిగేది ఎవరు?

తూనీగ
కందిరీగ గారి మాటకి నా ఓటు. లేజర్ షోకయ్యే ఖర్చుతో ఒక ఆయా బిడ్డకి పదో తరగతి దాకా ఫీజు కట్టొచ్చేమో కమిటీ వాళ్లు ఒక్కసారి లెక్క వెయ్యాలి.

రెక్కలగుర్రం
లేజర్ షో మీద అంత కోపం ఎందుకండీ. పిల్లలకి సరదా ఉండొద్దా? యాభై ఏళ్లకోసారి వచ్చే పండుగ. మొహాలు మాడ్చుకుని చరిత్ర చదువుకుంటూ కూర్చుంటే ఎవరొస్తారు?

తూనీగ
సరదా కావాల్సిందే. పిల్లలే పాడి, ఆడితే అంతకన్నా సరదా ఏముంది?

నల్లబల్ల
నిన్న సాయంత్రం కమిటీని కలిశాను. ఇక్కడ మీరు రాసినవి ప్రింటు తీసుకుని వెళ్లాను, తూనీగ గారి పోస్టు చదివి వినిపించాను. కరస్పాండెంటు గారు చాలాసేపు ఏమీ అనలేదు, తర్వాత క్లర్కుని పిలిచి అక్విటెన్సు రిజిస్టర్లు తీయమన్నారు. జీతం కాలమ్ మీద అట్టముక్క పెట్టి పేర్లు రాసుకోమన్నారు, ఐదోపీరియడ్ గారు ముందే చెప్పినట్టు. నాన్-టీచింగ్ స్టాఫ్ అందరికీ ఆహ్వానం, ఇంటినుంచి తీసుకురావడానికి బస్సు ఒప్పుకున్నారు. పాత టీచర్లకి రెండో రోజు ఉదయమంతా క్లాసు గదులు ఇచ్చారు. బ్యాడ్జీల పని 1991 బ్యాచ్ తీసుకుంది.

ఒప్పుకోనివీ ఉన్నాయి. ముఖ్య అతిథి ఉంటారు. లేజర్ షో ఉంటుంది, అడ్వాన్సు ఇచ్చేశారట. దెబ్బల గురించి సావనీర్‌లో వ్యాసం అంటే మొహమాటపడ్డారు, "చూద్దాం" అన్నారు. నేను వదలను. గోరింటాకు గారూ, మీరు రాస్తే మీ పేరు లేకుండా అయినా వేయించే ప్రయత్నం చేస్తా. ఇష్టమైతేనే.

గోరింటాకు
ఆలోచిస్తాను. ఫీజు కోసం నిలబెట్టడం గురించి రాస్తాను, మిగతాది వద్దు. ఆ అలవాటు ఇప్పటికీ కొన్నిచోట్ల పోలేదు.

లెక్కలసారు
గదుల్లో ఫ్యాన్లు పనిచేస్తున్నాయో లేదో ముందు చూడండి బాబూ. మెట్లెక్కలేనివాళ్లకి కింది గదులు ఇవ్వండి.

నల్లబల్ల
తప్పకుండా సార్, కింది అంతస్తే అడుగుతా. పాతఫోటో గారూ, 1979 గ్రూప్ ఫోటో దొరికింది, అద్దానికి ఓ మూల అంటుకుంది. ఫ్రేముతోనే తీసి పంపనా?

పాతఫోటో
ఫ్రేముతోనే తీయండి. ఫ్లాష్ వద్దు, కిటికీ పక్కన పెట్టండి. ఆదివారంలోగా పంపితే నంబర్లు వేసి షీటు తయారుచేసి ఇస్తా.